రాళ్లు లేవు, మద్యం అలవాటు లేదు: నాన్నగారికి పాంక్రియాటైటిస్ ఎందుకు వచ్చినట్టు?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)
మా నాన్నగారికి 61 ఏళ్లు. గత నెలలో బొడ్డుకు పైన మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతూ, వాంతులు ఆగకపోవడంతో ఆసుపత్రిలో చేర్పించాం. రక్తంలో లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) 1,900 దాటిందని, ఇది అక్యూట్ పాంక్రియాటైటిస్, అంటే క్లోమానికి హఠాత్తుగా వచ్చిన వాపు అని చెప్పి, సెలైన్లతో, నొప్పి మందులతో తగ్గించి ఇంటికి పంపారు. ఇప్పుడు నొప్పి లేదు, లైపేజ్ కూడా మామూలుగానే ఉంది. అయినా సీటీ మళ్లీ తీయించాలని, అవసరమైతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయాలని డాక్టరు గారు అంటున్నారు. ఆయన మద్యం ముట్టరు, స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు కనిపించలేదు. ఇదంతా కారం, పచ్చళ్ల వల్లేనని ఇంట్లో పెద్దవాళ్లు తేల్చేశారు. ఈ పరీక్షలు నిజంగా అవసరమేనా?

జవాబు (గ్యాస్ట్రో వైద్యుడు, విజయవాడ)
అవసరమేనండి. లైపేజ్ తగ్గిందంటే ఈ విడత వాపు సద్దుమణిగిందనే గాని, అది ఎందుకు వచ్చిందో తేలినట్టు కాదు. ఎక్కువమందిలో రాళ్లో మద్యమో కారణమవుతాయి. ఆ రెండూ కానప్పుడు ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 1,000 దాటాయా, కాల్షియం పెరిగిందా, కొత్తగా ఏవైనా మందులు మొదలుపెట్టారా అని చూస్తాం. ట్రైగ్లిజరైడ్లను చేరిన రోజే చూడాలి, ఎందుకంటే నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ మీద ఉంచితే అవి త్వరగా పడిపోతాయి. మీ డిశ్చార్జి కాగితాల్లో ఆ పరీక్ష ఏ తేదీన చేశారో ఒకసారి చూడండి.

సన్న రాళ్లు, ఇసుకలాంటి మడ్డి మామూలు స్కానింగుకు అందకపోవచ్చు. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో గొట్టం కొసన ఉన్న ప్రోబు కడుపులోకి, చిన్నపేగు మొదట్లోకి వెళ్లి క్లోమం పక్కనుంచే చూస్తుంది కాబట్టి అవి దొరికే అవకాశం ఎక్కువ. ఇక నలభై దాటినవారిలో కారణం తేలకపోతే మరో అనుమానం కూడా తీర్చుకోవాలి: కొద్దిమందిలో క్లోమనాళానికి అడ్డుపడిన గడ్డే (కణితి) ఈ వాపుకు మూలం. వాపు మీద తీసిన సీటీలో చిన్న గడ్డ విడిగా కనిపించకపోవచ్చు. అందుకే కొన్ని వారాలు ఆగి, క్లోమం కోసం ప్రత్యేకించిన పద్ధతిలో, నరంలోకి కాంట్రాస్టు మందు ఎక్కించి మళ్లీ తీస్తారు.

కారం కడుపులో మంట పెట్టవచ్చు గాని పాంక్రియాటైటిస్ తెప్పించదు. గుంటూరు మిర్చి మీద ఈ నేరం మోపనక్కర్లేదు.

జవాబు (తెనాలి)
మా బాబాయి గారికి పాంక్రియాటైటిస్ రాలేదు, నొప్పి కూడా లేదు. పచ్చకామెర్లు, ఒళ్లంతా దురద, సున్నంలా తెల్లబడిన మలం, అంతే. ఊళ్లో ముందు పసరు పోయించారు. తర్వాత తీసిన సీటీలో క్లోమం తలభాగంలో గడ్డ బయటపడింది. అదృష్టవశాత్తు విపుల్ ఆపరేషన్‌కు (క్లోమం తలభాగాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని కలిపి తీసేయడం) వీలైంది, ఆపైన కీమో ఇచ్చారు. ఆపరేషన్ తర్వాత ఎంత తిన్నా ఒంటికి పట్టక జిడ్డు విరేచనాలయ్యేవి. ఎంజైమ్ క్యాప్సూల్ అన్నమంతా తిన్నాక కాకుండా మొదటి ముద్దతోనే వేసుకోమని డైటీషియన్ చెప్పాక కుదుటపడ్డారు.

ప్రశ్న వేసినవారు
నాన్నగారికి గత ఏడాదే కొత్తగా షుగరు బయటపడింది, ఆరు కిలోలు తగ్గారు. షుగరు వల్లే చిక్కారనుకున్నాం. సీటీ బదులు క్లోమం క్యాన్సర్ జాడ కోసం చేసే సీఏ 19-9 రక్తపరీక్ష చేయిస్తే సరిపోదా?

జవాబు (గ్యాస్ట్రో వైద్యుడు, విజయవాడ)
సరిపోదు. ఆ పరీక్ష విలువ కామెర్లలోనూ, క్లోమం వాపులోనూ పెరుగుతుంది. కొందరి శరీరం ఆ పదార్థాన్ని తయారే చేయదు కనుక క్యాన్సర్ ఉన్నా మామూలుగానే వస్తుంది. యాభై దాటాక కొత్తగా వచ్చిన షుగరుతో పాటు బరువు తగ్గడం పక్కన పెట్టదగిన సంగతి కాదు, మీ డాక్టరు గారికి తప్పక చెప్పండి, సీటీని వాయిదా వేయకండి. అలాగని అది క్యాన్సరేనని ఇప్పుడే భయపడనక్కర్లేదు. షుగరు అదుపులో లేకపోయినా బరువు తగ్గుతారు. ఒకవేళ గడ్డ కనిపిస్తే, చుట్టూ ఉన్న పెద్ద రక్తనాళాలను అది ఎంతమేర తాకిందన్నదాన్ని బట్టి ముందు ఆపరేషనా, కీమోనా అన్నది తేలుస్తారు. కీమో ముందు మొదలుపెట్టాల్సి వస్తే ముక్క పరీక్ష (బయాప్సీ) తప్పనిసరి.

గుంటూరులో చూపించినా, మంగళగిరి ఎయిమ్స్‌కు వెళ్లినా రిపోర్టు కాగితంతో సరిపెట్టకుండా పాత సీటీ సీడీ కూడా తీసుకెళ్లండి. కొత్తదాన్ని పక్కన పెట్టి పోల్చేది ఆ బొమ్మలతోనే. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డుంటే, ఈ పరీక్షలు అందులోకి వస్తాయో రావో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడగండి.