ఈఎల్84 రేడియోకి ఈసీఎల్82 సెట్టు ట్రాన్స్‌ఫార్మర్లు వాడొచ్చా?

తెనాలి_వాల్వు:
అందరికీ నమస్కారం. నా దగ్గరున్నది ఐదు వాల్వుల (గాజు వ్యాక్యూమ్ ట్యూబుల) ఏసీ రేడియో సెట్టు: ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈబీసీ81, ఈఎల్84 (స్పీకర్‌ని నడిపేది), ఈజెడ్80 (ఏసీని డీసీ చేసేది). మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ మాడింది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వుకీ స్పీకర్‌కీ మధ్యది) ప్రైమరీ చుట్ట తెగింది. గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్లు మార్చే రేకుల కండెన్సర్) తిప్పితే గరగర. విడిభాగాలకని ఇంకో సెట్టు దొరికింది: ఈసీహెచ్81, ఈబీఎఫ్89, ఈసీఎల్82 (ఇందులో స్పీకర్‌ని నడిపేది), ఈజెడ్80. పెట్టెకి చెదలు పట్టింది గానీ ఛాసిస్ బాగుంది. ఈ మూడూ అందులోంచి తీసి వేసెయ్యొచ్చా?

గోదారిగట్టు:
మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ పనికొస్తుందండీ. ఫిలమెంట్ల లెక్క చూడండి: మీ సెట్టుకి 0.3 + 0.2 + 0.23 + 0.76 + 0.6, అంటే 2.09 ఆంపియర్లు. ఆ సెట్టుకి 1.98. పెద్ద తేడా కాదు. డయల్ బల్బులు మాత్రం ఆ సెట్టులో ఉన్నన్నే పెట్టండి.

కానీ పాతది ఎందుకు మాడిందో తేలకుండా ఇది బిగించొద్దు. చాలాసార్లు మొదటి ఫిల్టర్ కండెన్సర్ షార్టయ్యే ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. రెండు ఫిల్టర్ కండెన్సర్లూ మార్చి 47 మైక్రోఫారడ్, 450 వోల్టులవి వెయ్యండి. హమ్ (స్పీకర్‌లో వచ్చే మెయిన్స్ గుంయ్ శబ్దం) తగ్గుతుందని 100 వెయ్యకండి. ఈజెడ్80కి మొదటి కండెన్సర్ 50 దాటకూడదు, దాటితే వాల్వు లోపల మెరుపులు కొడుతుంది.

వాల్వులన్నీ పీకేసి, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెట్టి కరెంటివ్వండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు బాగా వెలిగిందంటే ట్రాన్స్‌ఫార్మర్‌లో షార్టున్నట్టే. వెలగకపోతే అలాగే గంట ఉంచి, చేత్తో ముట్టుకునే ముందు ప్లగ్గు పీకెయ్యండి. గోరువెచ్చగా ఉంటే సరే.

మైలవరం_ఛాసిస్:
అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర జాగ్రత్త. వాల్వుకి కావలసిన లోడ్ దగ్గరదగ్గరే: ఈసీఎల్82కి 5.6 కిలో ఓమ్‌లు, ఈఎల్84కి 5.2. ఇబ్బంది కరెంటుతో. ఈసీఎల్82లో స్పీకర్‌ని నడిపే భాగం (పెంటోడ్) 35 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, ఈఎల్84 మామూలుగా 48. అంత కరెంటు చిన్న కోర్‌లో పారితే బేస్ (మంద్ర స్వరం) చచ్చుబడిపోతుంది, సన్న తీగ వేడెక్కుతుంది. ఈఎల్84 మూడో పిన్నుకున్న కాథోడ్ రెసిస్టర్ 135 ఓమ్‌లదై ఉంటుంది, తీసి 220 ఓమ్‌లు, 1 వాటుది వెయ్యండి. ఆ పిన్ను మీద 8 నుంచి 9 వోల్టులు వస్తే కరెంటు అదుపులో ఉన్నట్టు. శబ్దం కాస్త తగ్గుతుంది, ఇంట్లో వినడానికి చాలు.

స్పీకర్ కూడా ఆ సెట్టుదే వాడండి. లేదంటే మీ స్పీకర్‌కి సరిపోతుందో చూడటానికి, ట్రాన్స్‌ఫార్మర్ విడిగా ఉన్నప్పుడు ప్రైమరీకి 12 వోల్టుల ఏసీ ఇచ్చి సెకండరీ కొలవండి. 333 మిల్లీవోల్టులొస్తే నిష్పత్తి 36. దాని వర్గం 1296, 4 ఓమ్‌ల స్పీకర్‌తో గుణిస్తే 5.2 కిలో ఓమ్‌లు.

గ్యాంగ్ మాత్రం మార్చకండి. డయల్ మీద అంకెలు ఆ గ్యాంగ్‌కి తగ్గట్టు అచ్చయ్యాయి. వేరేది వేస్తే విజయవాడ స్టేషన్ (837 కిలోహెర్ట్జ్) ఒకచోట, హైదరాబాద్ (738) ఇంకోచోట పలుకుతాయి, ట్రిమ్మర్లతో (సర్దుబాటు చేసే చిన్న కండెన్సర్లతో) ఒక కొస సరిచేస్తే రెండో కొస జరుగుతుంది. కాయిల్ వైర్లు విప్పి, మీటర్ బజర్ మీద పెట్టి మెల్లగా తిప్పండి. కూత వచ్చినచోట రేకు వంగింది, సన్న బ్లేడుతో నెట్టండి. కూత లేకుండా గరగర ఉంటే ఇరుసు కింది స్ప్రింగ్ కాంటాక్టుకి మురికి పట్టినట్టు.

తెనాలి_వాల్వు:
ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ బిగించాను, పలుకుతోంది. కానీ మూడో పిన్ను మీద 12 వోల్టులు, రెండో పిన్ను మీద ప్లస్ 5 ఉంది.

మైలవరం_ఛాసిస్:
వెంటనే ఆపండి. రెండో పిన్ను గ్రిడ్డు, అక్కడ సున్నా ఉండాలి. ఈఎల్84 పీకి మళ్ళీ కొలవండి. ప్లస్ అలాగే ఉంటే ఈబీసీ81 ప్లేటు నుంచి ఈ గ్రిడ్డుకి వచ్చే కప్లింగ్ కండెన్సర్ లీకు: 0.01 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్ముది వెయ్యండి. వాల్వు తీయగానే సున్నా అయితే వాల్వే చెడింది. చెయ్యి పెట్టేముందు ఫిల్టర్ కండెన్సర్లని 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చెయ్యండి.