గలతీ 6:11లో 'గ్రమ్మా' అంటే అక్షరమా, ఉత్తరమా?

ప్రశ్న (సికింద్రాబాద్ యూత్ స్టడీ):
అందరికీ వందనాలు. ఈ ఆదివారం సికింద్రాబాద్‌లో మా యూత్ బైబిల్ స్టడీకి పౌలు గలతీ సంఘాలకు రాసిన ఉత్తరంలో చివరి అధ్యాయం తీసుకున్నాం. 6:11లో మన తెలుగు బైబిల్ "ఎంత పెద్ద అక్షరములతో" అంటోంది. 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ చదివితే ఎంత పెద్ద ఉత్తరం రాశానో అన్నట్టుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగుదే తప్పంటున్నారు. బైబిల్ మూలపదాలకు నంబర్లిచ్చే స్ట్రాంగ్స్ నిఘంటువులో 1121 తీస్తే, అక్కడున్న గ్రీకు మాట గ్రమ్మాకు అక్షరం, ఉత్తరం, చీటి, చదువు అన్నీ ఉన్నాయి. ఏది తీసుకోవాలి? "అక్షరము చంపును" అన్నచోటా ఇదే మాటేనా?

కొయినే గ్రీకు:
తెలుగే సరైనదండీ. స్ట్రాంగ్స్ నంబరు మూలపదం దగ్గరికి తీసుకెళ్తుందే గానీ, వాక్యంలో ఆ పదం ఏ విభక్తిలో ఉందో చెప్పదు. చాలామంది పొరపడేది ఇక్కడే. ఇంటర్‌లీనియర్‌లో (గ్రీకు వాక్యం కింద ప్రతి మాటకూ అర్థం ఇచ్చే బైబిల్) ఈ వచనం తీయండి: "పెలికొయిస్ గ్రమ్మసిన్". ఇది బహువచనం, మన తృతీయా విభక్తి అర్థంలో ఉంది, అంటే "అక్షరాలతో". ఉత్తరాన్ని రాశాను అనాలంటే ద్వితీయ రావాలి. పెలికొస్ (4080) సైజును చెప్పే మాట.

పైగా పౌలు తన ఉత్తరాన్ని చెప్పాల్సి వస్తే ఎపిస్తొలే (స్ట్రాంగ్స్ 1992) వాడతాడు: 1 కొరింథీ 5:9, 2 కొరింథీ 7:8, కొలొస్సీ 4:16 చూడండి. ఈ వచనాల్లో మన బైబిల్ "పత్రిక" అన్నది ఈ మాటనే. పిల్లలకు పత్రికంటే న్యూస్‌పేపర్ గుర్తొస్తుంది, ముందే చెప్పేయండి. ఇంకొకటి: గలతీలో 149 వచనాలు, రోమాలో 433. అంత పెద్ద ఉత్తరమేమీ కాదు.

గ్రమ్మాకు ఉత్తరమనే అర్థం లేకపోలేదు. అపొ. కార్యములు 28:21లో రోమాలోని యూదులు నీ గురించి యూదయ నుంచి మాకు పత్రికలు రాలేదంటారు, అక్కడ ఈ మాటే. లూకా 16:6లో అప్పు చీటి, యోహాను 7:15లో చదువు. పక్కనున్న మాటలే అర్థాన్ని తేలుస్తాయి.

బోయిన్‌పల్లి పాఠకుడు:
పెద్ద అక్షరాలెందుకన్నది పిల్లలు తప్పక అడుగుతారు. అప్పట్లో ఉత్తరాన్ని లేఖకుడు రాసేవాడు, చివరి నాలుగు మాటలు పంపేవాడు తన చేత్తో రాసేవాడు. ఈజిప్టులో దొరికిన పపైరస్ ఉత్తరాల్లో రెండో చేతివ్రాత కంటికే తెలిసిపోతుంది. రోమా 16:22లో తెర్తియు తానే రాశానంటాడు. 2 థెస్స 3:17లో స్వహస్తం ప్రతి పత్రికకూ గుర్తని పౌలు చెబుతాడు. కాబట్టి 6:11 దగ్గర కలం పౌలు చేతికి వచ్చిందనుకోవడం సబబు. సున్నతి గురించిన హెచ్చరిక వెంటనే, 12వ వచనంలోనే మొదలవుతుంది, అందుకే నొక్కి చెప్పడానికి పెద్దగా రాశాడన్నది నాకు బలంగా అనిపించే వివరణ. మీ కన్నులు ఊడబీకి నాకిచ్చేవారే అని పౌలు అనే 4:15 చూపి, ఆయనకు కంటిజబ్బు అనేవాళ్లున్నారు. ఆ వచనం ఒక్కదాని మీద అంత బరువు మోపకండి.

వాక్యధ్యానం:
రెండో ప్రశ్నకు: అవును, "అక్షరము చంపును" అనే 2 కొరింథీ 3:6లో ఉన్నది గ్రమ్మానే. ఈ వచనం పట్టుకుని వేదాంత చదువే వద్దనడం మన సంఘాల్లో వింటుంటాం. చాలా నష్టం చేసే బోధ అది. తర్వాతి వచనమే చదవండి: రాళ్ల మీద చెక్కిన అక్షరాలు. అంటే సీనాయి పలకల మీది ధర్మశాస్త్రం. శిక్ష విధించగలిగినా జీవం ఇవ్వలేనిదాని గురించి చెబుతున్నాడు, చదువు గురించి కాదు. రోమా 7:6లోనూ అంతే. 2 తిమోతి 3:15లో రక్షణార్థమైన జ్ఞానమిచ్చే పరిశుద్ధ లేఖనాలకు ఉన్నది కూడా "హియెరా గ్రమ్మతా", ఇదే మాట. చంపేది చదువే అయితే ఆ వచనాన్ని ఏం చేస్తారు?

సికింద్రాబాద్ యూత్ స్టడీ:
చాలా థ్యాంక్సండీ. ఇంటర్‌లీనియర్‌లో "ఎగ్రప్స" కింద "రాశాను" అని ఉంది, తెలుగులో "వ్రాయుచున్నాను". ఇది కూడా సరైనదేనా?

కొయినే గ్రీకు:
సరైనదే. ఉత్తరం అందుకున్నవాడు చదివేసరికి రాయడం అయిపోయి ఉంటుంది కాబట్టి గ్రీకులో అలా భూతకాలం వాడతారు. ఫిలేమోను 19లోనూ ఇదే క్రియ, ఇదే "నా స్వహస్తముతో". పత్రిక అంతా పౌలే రాశాడనేవాళ్లు దీన్ని మామూలు భూతకాలంగా తీసుకుంటారు. ఆ వాదన కూడా పిల్లలకు చెప్పండి, కానీ 6:11ను ఫిలేమోను 19 పక్కన పెట్టి చదివించాకే.