సముద్రపు నీళ్లలో ఫ్లోరోసెంట్ బీడ్స్ గుత్తులు కడుతున్నాయి

కావలి_ప్లాంక్టన్: 1 మైక్రాన్ పచ్చ పాలీస్టైరీన్ (ప్లాస్టిక్) బీడ్స్, 1 శాతం స్టాకు (పలచన చెయ్యని అసలు ద్రావణం). ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటివి) పిల్లలకు మి.లీ.కు 10,000 చొప్పున ఇవ్వాలి. డిస్టిల్డ్ వాటర్‌లో విడివిడిగానే ఉన్నాయి. వడగట్టిన తుమ్మలపెంట సముద్రపు నీళ్లలో వేస్తే గంటకే గుత్తులు. సీసా పాడైందా?

ముత్తుకూరు_రొయ్య: సీసాది కాదబ్బా, ఉప్పుది. బీడ్స్ మీది ఋణావేశమే వాటిని దూరందూరంగా ఉంచేది, ఉప్పు దాన్ని కప్పేస్తుంది. కార్బాక్సిల్ రకమైతే (పైన ఆమ్ల గుంపులున్నవి) కాల్షియం ఇంకా అతికిస్తుంది. ముందు సోనికేటర్ (శబ్ద తరంగాలతో విడదీసే) తొట్టిలో 5 నిమిషాలు పెట్టండి, డైల్యూషన్ అంతా డిస్టిల్డ్ వాటర్‌లోనే చెయ్యండి, సముద్రపు నీళ్లలో చివరి నిమిషంలో కలపండి. 0.01 శాతం ట్వీన్ 20 (సబ్బులాంటి పదార్థం) వేస్తే మేలు, కానీ కంట్రోల్ (పోల్చడానికి బీడ్స్ లేకుండా ఉంచే) బీకరులోనూ అంతే వెయ్యాలి.

మీ స్టాకులో మి.లీ.కు సుమారు 1.8 × 10¹⁰ బీడ్స్. లీటరుకు అర మైక్రోలీటరే చాలు, అంత కొంచెం పిపెట్‌తో సరిగ్గా రాదు. 10 మైక్రోలీటర్ల స్టాకు 990 మైక్రోలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, అందులోంచి లీటరుకు 55 మైక్రోలీటర్లు తీసుకోండి.

ఒంగోలు_స్లైడు: స్టాకులో సోడియం అజైడ్ (పాడవకుండా వేసే విషం) ఉందేమో లేబుల్ చూడండి. ఉంటే పిల్లలు చచ్చేది దానివల్లా, బీడ్స్ వల్లా అన్నది తేలదు. సెంట్రిఫ్యూజ్‌లో 5,000 జి (గురుత్వానికి 5,000 రెట్లు) దగ్గర 10 నిమిషాలు తిప్పి, పైనీళ్లు తీసేసి, మళ్లీ కలపాలి, మూడుసార్లు. చివరి పైనీళ్లు దాచి, బీడ్స్ లేకుండా వాటినే ఒక బీకరుకు పొయ్యండి; రంగు కారుతోందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. చాలామంది ఎగ్గొట్టే కంట్రోల్ ఇది.

ముత్తుకూరు_రొయ్య: ఇంకోటి, గుడ్డు పగిలిన వెంటనే ఆర్టీమియాకు నోరు తెరుచుకోదు. రెండో ఇన్‌స్టార్ (ఒకసారి పొర విడిచిన దశ) దాకా ఆగాలి, లేకపోతే కాళ్లకు అంటుకున్నవే లెక్కకొస్తాయి.

కావలి_ప్లాంక్టన్: సరేనండి. మే నెల ఎండల్లో స్టాకు ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

ఒంగోలు_స్లైడు: వద్దే వద్దు. మన ఎండకు పాలీస్టైరీన్ కరగదు గానీ, గడ్డకడితే బీడ్స్ అతుక్కుపోతాయి, సోనికేటర్ కూడా విడదియ్యలేదు. 4 డిగ్రీల్లో, సిల్వర్ ఫాయిల్ చుట్టి పెట్టండి. కొరియర్లో ఐస్ ప్యాక్ సీసాకు ఆనించి పంపినా ఇదే గతి.

స్లైడుకు డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే జిగురు) వాడొద్దు, అందులోని జైలీన్ బీడ్‌నే కరిగించేస్తుంది. గ్లిసరాల్ చాలు.