స్ప్రింట్ అంటూనే నడక కంటే స్లోగా తొక్కుతారేంటి?

శీను_వైజాగ్:
రాత్రి యూట్యూబ్‌లో 2012 లండన్ ఒలింపిక్స్ మహిళల ట్రాక్ సైక్లింగ్ స్ప్రింట్ ఫైనల్ చూశాను. ఆస్ట్రేలియా ఆనా మియర్స్, బ్రిటన్ విక్టోరియా పెండిల్టన్. మొదటి రేసులో పెండిల్టన్ ముందు గీత దాటినా మియర్స్ గెలిచిందన్నారు. రెండో రేసులో మియర్స్ ఏకంగా సైకిల్ మీదే నిలబడిపోయింది! మా ఇంట్లో ఒకటే నవ్వులు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పద్మజ_ట్రాక్:
శీను గారూ, నవ్వితే నవ్వారు లెండి, మా నాన్న ఇప్పటికీ నవ్వుతారు. ఉస్మానియా వెలోడ్రోమ్‌లో (సైకిల్ రేసుల ట్రాక్) కొన్నేళ్లు స్ప్రింట్ తొక్కాను కాబట్టి చెప్తున్నా.

250 మీటర్ల ట్రాక్ మీద మూడు రౌండ్లు. టైముతో పని లేదు, పక్కనున్న అమ్మాయి కంటే ముందు గీత దాటితే చాలు. ఫైనల్లో మూడింటికి రెండు గెలవాలి. ముందున్నవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోవాలి, వెనకున్నవాళ్లు ఆ చాటున బలం దాచుకుని ఆఖర్లో దాటేస్తారు. అందుకే లీడ్ ఎవరికీ అక్కర్లేదు, అవతలివాళ్లకి అంటగట్టాలి. మియర్స్ ఆగింది అందుకే. పెండిల్టన్‌కి ముందుకెళ్లక తప్పలేదు, దొరికిపోయింది.

గాలి సంగతి అలా ఉంచండి, నాకు మెడతోనే కష్టం. ముందుంటే వెనకామె కనపడదు, భుజం మీంచి చూస్తూనే తొక్కాలి. తల ఇటు తిప్పిన ఆ క్షణంలోనే ఆమె ఏటవాలుగా ఉండే ట్రాక్ పైనుంచి కిందికి దూకేస్తుంది. చైన్ చప్పుడు వినపడేసరికి పక్కనే ఉంటుంది.

నిలబడటం కూడా తేలిక కాదండీ. బ్రేకులుండవు, ఫ్రీవీల్ ఉండదు, చక్రం తిరిగితే పెడల్ తిరగాల్సిందే. హ్యాండిల్ పైవైపు తిప్పి, ముందు పెడల్ మీద బరువు ఆపి, జారకుండా ఉండాలి. తొడలు వణికిపోతాయి. 30 సెకన్లు దాటితే ఇక కదలమంటారు.

ఇక మొదటి రేసు. చివరి 200 మీటర్లలో, ఎర్ర గీతకి లోపల లీడ్‌లో ఉన్నవాళ్లు ఆ గీత దాటి బయటికి రాకూడదు. పెండిల్టన్ వచ్చింది. సెకనులో వెయ్యో వంతు తేడాతో గెలిచిన రేసు అలా పోయింది. మియర్స్ మోచెయ్యి తగలబట్టే వచ్చిందని గొడవ. తగిలిందనే నేనూ అంటాను, కానీ గీత గీతే.

శీను_వైజాగ్:
సంక్రాంతి పందెంలో పుంజులు ముందు చుట్టూ తిరిగినట్టన్నమాట! కానీ నిజంగా స్పీడున్నవాళ్లకి ఈ ఎత్తులెందుకు? మొదట్లోనే దూసుకుపోవచ్చుగా?

నాగేష్_72:
స్పీడొక్కటే చాలదు బ్రో. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫయింగ్‌లో (అక్కడ మాత్రం ఒక్కొక్కరే టైము మీద తొక్కుతారు) జర్మనీ లియా ఫ్రీడ్రిక్ 200 మీటర్లు 10.029 సెకన్లలో కొట్టింది. అప్పటికి ప్రపంచ రికార్డు, గంటకు దాదాపు 72 కిలోమీటర్లు. ఫైనల్లో మాత్రం న్యూజిలాండ్ ఎలెస్ ఆండ్రూస్ చేతిలో ఓడిపోయింది.

పద్మజ_ట్రాక్:
నాగేష్ చెప్పింది కరెక్టే. దూరం నుంచి దూసుకుపోయేవాళ్లూ ఉన్నారు, కాకపోతే అవతలామె ఏమరుపాటుగా ఉండాలి. వెంటనే వెనక అంటుకుందంటే మీరే ఆమెకి గాలి అడ్డం పెట్టినట్టు. అందుకే ఎదుటివాళ్ల అలవాట్లు చదవాలి. లండన్‌కి ముందు మియర్స్ కోచ్ ఒక మగ సైక్లిస్టు చేత అచ్చం పెండిల్టన్‌లా తొక్కించి మరీ ప్రాక్టీస్ చేయించాడు. మియర్స్ మొండితనం కూడా చూడండి, 2008 జనవరిలో పడి మెడ ఎముక విరిగింది, అదే ఏడు ఆగస్టులో బీజింగ్‌లో రజతం!

ఇంట్లోవాళ్లకి ఈసారి 2016 రియో ఫైనల్ పెట్టండి. జర్మనీ క్రిస్టినా వోగెల్ సైకిల్ సీటు గీత దగ్గరే ఊడిపోయింది. అయినా ఆ రేసు ఆమెదే, బంగారమూ ఆమెదే.