మూడు నెలలుగా కుక్కకి ఏదో జబ్బు, పేరు తేలలేదు. ఇంకా పరీక్షలు చేయించాలా, ఆపెయ్యాలా?

చెర్రీ వాళ్ళమ్మ:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ దగ్గర కంకిపాడు. చెర్రీ నాటు కుక్క, ఆడది, అయిదేళ్ళు, 16 కిలోలు. వానలు మొదలైనప్పటి నుంచీ దానికి ఏదో అవుతోంది. రెండు మూడు వారాలు మామూలుగానే తిరుగుతుంది. ఉన్నట్టుండి ఒకరోజు తిండి మానేస్తుంది. పసుపుపచ్చగా కక్కుకుంటుంది, వెనక కాళ్ళు వణుకుతాయి, బీరువా పక్క సందులో దూరి పడుకుంటుంది. రెండు రోజులు సెలైన్ పెట్టిస్తే లేచి పెరుగన్నం గిన్నె దగ్గరకొస్తుంది. ఇలా కావడం ఇది నాలుగోసారి.

రక్తపరీక్ష మూడుసార్లు చేయించాం. ప్లేట్‌లెట్లు ఒకసారి 1,40,000, తర్వాత 2,10,000. స్లయిడ్‌లో ఏమీ కనబడలేదు. కిట్ పరీక్షలో ఎర్లీకియాకి (గోమార్లు, అదే పిడుదులు, అంటించే సూక్ష్మజీవి) సన్నగా గీత పడింది. స్కానింగ్ బాగానే ఉంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం ఎక్కువ. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులూ ఒక్క పూట తప్పకుండా వేశాను. కోర్సు అయిన పదకొండో రోజున మళ్ళీ పడిపోయింది. ఒక డాక్టరు గారు గోమార్ల జ్వరమే అంటారు, ఇంకొకరు కిడ్నీ అంటారు, మూడో ఆయన గన్నవరం పశువైద్య కళాశాలకి తీసుకెళ్ళి మొదటి నుంచీ చూపించమన్నారు. ఇప్పటికి 38,000 అయింది. ఇంట్లో ఇక చాలంటున్నారు. సూది చూస్తేనే అది నా కాళ్ళ మధ్య దూరుతోంది. మీరైతే ఏం చేస్తారు?

గోదారి గట్టు:
గీత పడిందని మీరే రాశారు. ఇంకేం కావాలండీ? ఇది గోమార్ల జ్వరం. స్లయిడ్‌లో కనబడకపోవడం పెద్ద విషయం కాదు, ఆ సూక్ష్మజీవి తెల్లకణాల్లో దాక్కుంటుంది, చుక్క రక్తంలో దొరకడం అదృష్టం. నా రాకీకి స్లయిడ్ బాగుందన్నారు, ప్లేట్‌లెట్లు 40 వేలకి పడిపోయాయి, ముక్కులోంచి రక్తం ఆగలేదు. అప్పుడు డాక్సీ మొదలుపెట్టారు. ఆలస్యమైపోయింది. మీరు కోర్సు మళ్ళీ వేయించండి. ముందు ఇల్లు చూసుకోండి. తల్లి గోమారి కుక్క మీద గుడ్లు పెట్టదు, గోడ పగుళ్ళలో, గుమ్మం చెక్క వెనకాల వేలల్లో పెడుతుంది. అవి ఉన్నంతకాలం మీరెన్ని మాత్రలు వేసినా మళ్ళీ అంటుకుంటుంది.

లత, నెల్లూరు:
మా పప్పీకి ఒళ్ళు కాలితే మనుషుల జ్వరం బిళ్ళ సగం వేస్తాం, తగ్గిపోతుంది.

సీతాఫలం:
లత గారూ, దయచేసి ఇంకెప్పుడూ వెయ్యకండి. వాటి కాలేయం, కిడ్నీలు మన బిళ్ళల్ని తట్టుకోలేవు. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల దాకా జ్వరమే కాదు, ముట్టుకుంటే మనకి వేడిగానే తగులుతుంది.

పాలమూరు పిల్లగాడు:
అక్కా, నేను సీదా చెప్త. గా జీవిని ఇంక పీడించకుర్రి. ముగ్గురు డాక్టర్లు మూడు తీర్లు చెప్పిన్రంటే నాలుగో ఆయన నాలుగో తీరు చెప్తడు. ఇంట్ల ఉంచుకో, నీళ్ళు తాపు, పడ్డప్పుడు సెలైన్ పెట్టించు. అది ఎన్ని దినాలుంటే అన్ని దినాలు నీ పక్కన ఉంటది. పేరు తెలిస్తే కుక్కకు ఏమొస్తది? పేరు మనకు గావాలె, దానికి గాదు.

ల్యాబ్ కొట్టు:
సెలైన్ పెట్టగానే లేస్తోందన్నారు. సోడియం, పొటాషియం చూశారా?

గోదారి గట్టు:
పాలమూరు గారూ, మందున్న జబ్బుకి మందు వెయ్యకుండా పక్కన పడుకోబెట్టుకోవడం ప్రేమ కాదు. గీత పడింది. అది చూసి కూడా వదిలేయమంటున్నారా?

పాలమూరు పిల్లగాడు:
గీత, గీత! నిన్నటి సంది అదే మాట. 28 దినాలు మందు ఏసిందని అక్క రాసింది, చదివినవా అన్నా? తగ్గిందా మరి? పిడుదులు ఏ కుక్కకు లెవ్వు? మా ఊర్ల ప్రతి కుక్క చెవుల పిడుదులే. అన్నింటికీ గీత పడుతది.

గోదారి గట్టు:
అందుకే అవి చస్తున్నాయి.

కొబ్బరాకు:
ఒక్క మాట. ఆ కిట్ చూసేది సూక్ష్మజీవిని కాదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీల్ని. జబ్బు తగ్గాక కూడా అవి నెలల తరబడి ఉంటాయి. ఇప్పుడుందా అని తేల్చాలంటే పీసీఆర్, అంటే సూక్ష్మజీవి జన్యుపదార్థాన్నే వెతికే పరీక్ష చేయించాలి.

గోదారి గట్టు:
నాకు అది తెలుసు. కానీ ప్లేట్‌లెట్లు 1,40,000 కి ఎందుకు పడ్డాయి? రెండు లక్షలు ఉండాలి కదా. దీనికి ఎవరూ జవాబు చెప్పరు.

కొబ్బరాకు:
రక్తం తీసేటప్పుడు కణాలు ముద్దకట్టినా మిషను తక్కువ చూపిస్తుంది. చేత్తో లెక్కపెట్టారేమో అడగాలి.

పాలమూరు పిల్లగాడు:
మళ్ళ ఇంకో సూది! చూడు అక్కా, ఇట్లనే నడుస్తది. ఒకటైనంక ఒకటి. వీళ్ళెవ్వరికీ ఆ కుక్క కండ్లు కనబడవు.

గోదారి గట్టు:
మీకు ఖర్చు కనబడుతోంది. డబ్బు మిగుల్చుకోవడానికి దయ అని పేరు పెట్టకండి.

పాలమూరు పిల్లగాడు:
ఏమన్నవ్? డబ్బా? నా టైగర్‌కు 60 వేలు పెట్టిన, అందుల 40 అప్పు. పెద్ద దవాఖాన అని తీస్కపోయిన. ఎనిమిది దినాలు జాలీల ఉంచిన్రు. నన్ను లోపలికి రానియ్యలే, అద్దంల కెళ్ళి చూడుమన్నరు. పొద్దుగాల ఒక పరీక్ష, మాపటికి ఒక పరీక్ష. ఎనిమిదో దినం రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసిన్రు, పోయిందని. ఏ జబ్బో అప్పటికీ తెల్వలే. ఏడేండ్లు నా మంచం కింద పన్న కుక్క, ఎవలో తెల్వనోళ్ళ మధ్య, ఇనుప జాలీల పాణం ఇడిసింది. నేను పైసల కోసం మాట్లాడుతున్ననా?

(చాలాసేపు ఎవరూ రాయలేదు.)

గోదారి గట్టు:
ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

రాకీ సంగతి నేను సగమే చెప్పాను. డాక్టరు గారు ఆలస్యం చెయ్యలేదు. తిండి మానేసిన మొదటి రోజే మా ఆవిడ తీసుకెళ్దామంది. పెళ్ళిళ్ళ సీజను, కొట్లో పని. రేపు చూద్దాంలే అన్నాను. అలా నాలుగు రేపులు అయ్యాయి. ఆగమని ఎవరైనా అంటే నాకు ఆ నాలుగు రోజులే గుర్తొస్తాయి. అయినా సరే, ఆపెయ్యమని మాత్రం నేను చెప్పలేను.

చెర్రీ వాళ్ళమ్మ:
ఇద్దరూ చెప్పింది చదివాను. నాకూ ఒకటి చెప్పాలనిపిస్తోంది. జూన్‌లో చెర్రీకి గోమార్లు పట్టాయి. మా బాబాయి గేదెలకి వాడే మందు ఇస్తే కొలత లేకుండా బకెట్లో పోసి స్నానం చేయించాను. అది ఒళ్ళు నాకేసుకుంది. ఆ తర్వాత రెండు వారాలకి మొదటిసారి పడింది. ఈ సంగతి ఏ డాక్టరుకీ చెప్పలేదు. పాలమూరు తమ్ముడూ, పేరు మనకే కావాలన్నావు, నిజమే. నావల్ల అయిందా కాదా అన్నది నాకు తెలియాలి. రాత్రి అది లేచి నీళ్ళు తాగితే ఆ చప్పుడు వింటూ పడుకుంటున్నాను.

సీతాఫలం:
చెప్పండి మేడమ్, డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ఎవరూ తిట్టరు.

ల్యాబ్ కొట్టు:
మొన్న అడిగింది మళ్ళీ అడుగుతున్నాను. పాత రిపోర్టుల్లో సోడియం, పొటాషియం ఎక్కడైనా ఉన్నాయా? వెనక పేజీల్లో చూడండి.

చెర్రీ వాళ్ళమ్మ:
రెండో ఆసుపత్రి కాగితాల్లో దొరికింది. సోడియం 136, పొటాషియం 6.1. పక్కన చుక్క గుర్తు ఉంది, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

ల్యాబ్ కొట్టు:
136ని 6.1తో భాగిస్తే 22 చిల్లర. 27 కంటే తక్కువ వస్తే ఎడిసన్ జబ్బు ఉందేమో చూడాలి. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి పనిచేయకపోతే ఒంట్లో ఉప్పు నిలవదు, పొటాషియం పేరుకుంటుంది. వచ్చిపోయే వాంతులు, వణుకు, సెలైన్ పెట్టగానే కోలుకోవడం, క్రియాటినిన్ పెరగడం, అన్నీ దీనికి సరిపోతాయి. నడివయసులోపు ఆడకుక్కల్లో ఎక్కువ. నేను డాక్టర్ని కాదు, మనుషుల ల్యాబ్‌లో పనిచేస్తాను. మా ఇంటి కుక్కకి ఇదే వచ్చింది కాబట్టి తెలుసు. రోజూ మాత్రలు వేస్తున్నాం, నాలుగేళ్ళయింది, తిరుగుతోంది.

పేగుల్లో కొరడా పురుగులున్నా ఈ లెక్క ఇలాగే తప్పుతుంది, అందుకని మల పరీక్ష కూడా అడగండి. ఎడిసన్ జబ్బును తేల్చే ఏసీటీహెచ్ పరీక్షంటే ఒకసారి రక్తం తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, గంట తర్వాత మళ్ళీ తీస్తారు. దానికి ముందు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ పడితే ఫలితం తప్పొస్తుంది. ఇంతకుముందు ఇచ్చిన ఇంజెక్షన్లన్నీ రాసుకెళ్ళండి. పొటాషియం ఇంకా పెరిగితే గుండె లయ తప్పుతుంది. వారం ఆగొద్దు.

ఎడిసనే అయితే చాలావరకు ఒంటి రక్షణ వ్యవస్థే తన గ్రంథిని దెబ్బతీయడం వల్ల వస్తుంది. గోమార్ల స్నానం వల్ల కాదు.

గోదారి గట్టు:
మరి గీత సంగతేంటి?

ల్యాబ్ కొట్టు:
ఎప్పుడో గోమార్ల జ్వరం వచ్చి పోయి ఉండొచ్చు. రెండూ ఉన్నా ఆశ్చర్యం లేదు.

గోదారి గట్టు:
పీసీఆర్ కూడా చేయించమనండి. నా మాట నిలబెట్టుకోవడానికి కాదు.

చెర్రీ వాళ్ళమ్మ:
మూడో డాక్టరు గారికి ఇప్పుడే ఫోన్ చేశాను. గేదెల మందు సంగతి చెప్పేశాను. ఆయన రిపోర్టు ఫొటో పంపమన్నారు, చూసి రేపే గన్నవరం వెళ్ళమన్నారు. పొద్దున్న ఏడున్నరకి ఆటో మాట్లాడాను. సూది అంటేనే భయంగా ఉంది, దానికీ నాకూ. మూడు గోమార్లు మళ్ళీ కనబడ్డాయి, చెవి వెనక. తీసేశాను.

పాలమూరు పిల్లగాడు:
పో అక్కా. గని లోపలికి నువ్వు గూడ పో. వద్దంటే గొడవ పెట్టుకో. సూది ఇచ్చినంక గంటసేపు ఆగాలె అన్నరు గదా, ఆ గంట దాని మీద చెయ్యి పెట్టుకొని కూసో. దాని దుప్పటి తీస్కపో.

గోదారి గట్టు:
నీళ్ళ సీసా కూడా. గన్నవరం దాకా ఎండ ఉంటుంది.