ఊరి కుంటలో గంబూసియా చేపలు వదలాలా, వద్దా?

కుంటగట్టు:
డెంగీ కేసులు వస్తున్నాయని మా పంచాయతీ వాళ్లు ఊరి కుంటలో గంబూసియా చేపలు వదలాలని తీర్మానం చేశారు. చేపల డబ్బాలు కూడా వచ్చేశాయి. తొమ్మిదో తరగతి చదివే మా తమ్ముడి కొడుకేమో "పెదనాన్నా, అవి తోకకప్పల్ని బతకనివ్వవు" అని గొడవ. జ్వరాలతో జనం మంచాన పడుతుంటే కప్పల గురించి ఆలోచిస్తామా? నా ఓటు చేపలకే. మీరేమంటారు?

మలేరియా డ్యూటీ:
వదలండి అన్నా. ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా. దాని నోరు పైకి తిరిగి ఉంటుంది. దోమ లార్వా గాలి కోసం నీటి పైకి రాగానే గుటుక్కుమనిపిస్తుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. ఒకసారి వేస్తే మళ్లీ వేసే పనుండదు. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు, కొత్తదేం కాదు.

సైన్స్ టీచరమ్మ:
"మళ్లీ వేసే పనుండదు" అన్నారు చూడండి, నా భయం కూడా అదే. వద్దనుకున్నా ఇక తీయలేం. ప్రపంచంలోనే అతి చెడ్డ వంద ఆక్రమణ జాతుల జాబితాలో ఈ చేప ఉంది.

పోయినేడు మా పిల్లలు ఒక గాజు సీసాలో కుంట నీళ్లు, దోమ లార్వాలు, నాలుగు తోకకప్పలు వేసి ఒక గంబూసియాను వదిలారు. లార్వాలు సాయంత్రానికే ఖాళీ. తోకకప్పల్ని మింగలేదు, అంత నోరు లేదు దానికి. తోకలు కొరికింది. తెల్లారేసరికి రెండు అడుగున పడున్నాయి.

అదే నీటి చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే డాఫ్నియా అనే చిన్న నీటి జీవి కనిపిస్తుంది. ఒళ్లంతా గాజులా ఉంటుంది, గుండె టకటకా కొట్టుకోవడం బయటికే తెలుస్తుంది. ఏకకణ శైవలాలను, అంటే ఆకుపచ్చ పాచి కణాలను తిని నీటిని తేటగా ఉంచేది ఇవే. గంబూసియా వీటినీ తింటుంది. ఆ తర్వాత కుంట పచ్చబడితే చేపను ఎవరూ అనుమానించరు.

మలేరియా డ్యూటీ:
సీసా వేరు, కుంట వేరు మేడం. సీసాలో లార్వాలు అయిపోయాక అది ఇంకేం తింటుంది? జ్వరంతో మూలుగుతున్న పిల్లాడి తల్లికి డాఫ్నియా గుండె గురించి చెప్పమంటారా?

కొరమీను:
కుంటలో మా వాళ్లను వదలండి. లార్వాల సంగతేమో గానీ గంబూసియా మాత్రం మిగలదు. పైగా పండక్కి పులుసు.

సైన్స్ టీచరమ్మ:
సీసా సంగతి ఒప్పుకుంటా, సార్. కానీ ఆ తల్లికి డెంగీ దోమ కుంటలో పెరగదని మీరే చెప్పాలి కదా! ఏడిస్‌కు, అంటే ఆ డెంగీ దోమకు, కూలర్లు, పాత టైర్లు, పూలకుండీ కింది పళ్లేలు కావాలి. అక్కడ చేపల్ని వేస్తామా? మలేరియా కోసం కుంటలో వేస్తున్నామంటే వాదించొచ్చు. డెంగీ కోసం అంటే మాత్రం రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

మలేరియా డ్యూటీ:
ఈ మాట నిజమే. తీర్మానంలో డెంగీ అని రాయడమే తప్పు. అలాగని చేప పనికిరాదనను. వాడని దిగుడుబావి, సిమెంటు తొట్టి లాంటి చోట్ల దానికి మించింది లేదు. అన్నా, మీ కుంటకు అలుగు ఉందా?

ల్యాబ్ తమ్ముడు:
కుంటకు బీటీఐ ఉంది కదా? అదొక బ్యాక్టీరియా మందు. దాని విషం లార్వా పేగు కణాల పొరకు రంధ్రాలు చేస్తుంది, నీరు చొరబడి కణాలు ఉబ్బి పగిలిపోతాయి. చేపలకు, కప్పలకు హాని ఉండదు. కాకపోతే కొన్నాళ్లకోసారి మళ్లీ చల్లాలి, ఖర్చు.

కుంటగట్టు:
అలుగు ఉంది, వానాకాలం పొంగితే నీళ్లు నేరుగా వాగులోకే. చేపల్ని బడి వెనకున్న పాత బావిలో వేద్దామని సర్పంచ్‌తో అన్నా, సరే అన్నాడు. ఇంకో సంగతి. రాత్రి మా కూలర్ తలుపు తీసి టార్చ్ వేశా. నీళ్లలో లార్వాలు మెలికలు తిరుగుతూ కిందికి దిగాయి. పక్క గదిలోనే మావాడు పడుకుంటాడు.

మలేరియా డ్యూటీ:
ఆ నీళ్లు కాలవలో పోయకండి, ఎండిన నేల మీద పారబోయండి. గోడలు బ్రష్‌తో రుద్దండి, గుడ్లు అక్కడే అతుక్కుని ఉంటాయి.