ఇంట్లోనే చదువు: లెక్కల్లో ముందున్న పిల్లకు పదకొండు, పన్నెండుకి ఏ పుస్తకాలు పెడుతున్నారు?

కడప_తల్లి:
మా పాపకు పద్నాలుగేళ్లు. ఎన్ఐఓఎస్‌లో, అంటే కేంద్ర ఓపెన్ స్కూల్లో, పదికి కట్టినాం. పది లెక్కలు ఎప్పుడో అయిపోయాయి, ఇంకా ఏదైనా ఇవ్వమని ప్రాణం తీస్తోంది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు మొదలుపెట్టాలా, పాత తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు తేవాలా, అమెరికాలోని ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వాళ్ల ఇంగ్లిష్ లెక్కల పుస్తకాలు కొనాలా? జేఈఈ కోసం కాదు. హాస్టల్ మాట అసలే వద్దు. రోజుకెంతసేపు, ఎంత ఖర్చు, నాలాంటిది ఎట్లా దిద్దాలి, అనుభవం ఉన్నోళ్లు చెప్పండి.

సీక్యాంప్_నాన్న:
మేడమ్, పుస్తకాల కంటే ముందు గ్యాప్ సంగతి చూసుకోండి. ఎన్ఐఓఎస్‌లో పది పాసయ్యాక పన్నెండు సర్టిఫికెట్ రావాలంటే మధ్యలో రెండేళ్లు ఉండాలి. పిల్ల ఎంత స్పీడుగా చదివినా వాళ్లకు పట్టదు. ఇంకోటి. మావాడి అడ్మిషన్‌కి పోతే ఒక కాలేజీలో గుమాస్తా "ఓపెన్ స్కూలా, చెల్లదు" అని ఫైలు పక్కకు నెట్టేశాడు. ఐదు సబ్జెక్టులతో ఎన్ఐఓఎస్ పన్నెండు పాసైతే జేఈఈ మెయిన్‌కే అర్హత ఉంది గదా! ఆ జేఈఈ బులెటిన్ పేజీ ప్రింటు తీసి టేబుల్ మీద పెడితే అప్పుడు కళ్లజోడు వెతుక్కున్నాడు. ప్రింటు ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి.

లెక్చరర్_అనంతపురం:
నా సర్వీసంతా ఇంటర్ లెక్కలు చెప్పడంలోనే గడిచింది. అమ్మా, 1887లో వచ్చిన హాల్ అండ్ నైట్ హయ్యర్ ఆల్జీబ్రా, లోనీ త్రికోణమితి, ఈ రెండూ చాలు. రంగురంగుల పుస్తకాలు అక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ అయితే పదకొండులో గణితానుగమనం (మ్యాథమేటికల్ ఇండక్షన్, ఒక సూత్రం అన్ని సంఖ్యలకూ నిజమేనని రుజువు చేసే పద్ధతి) చాప్టరే పీకేసింది. అనుగమనం రాని పిల్లకు లెక్కలు వచ్చినట్టేనా?

నంద్యాల_చెక్‌పోస్ట్:
పోయిన చాప్టర్ గురించి ఏడుపెందుకు సార్? 2024 నుంచి జేఈఈ మెయిన్ సిలబస్‌లోనూ లేదు. పరీక్షలో రానిదాని మీద నెల తగలేసే ఓపిక ఎవరికుంది?

లెక్చరర్_అనంతపురం:
ఆమె జేఈఈ కోసం కాదని మొదటి పోస్టులోనే రాసింది, చదువుకో నాయనా. n² + n + 41 లో n బదులు 0, 1, 2 అని వేసుకుంటూ పోతే 39 దాకా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే. పది వేసి చూసి "ఎప్పుడూ ప్రధాన సంఖ్యే" అని తేల్చేసే పిల్లల్ని చాలామందిని చూశా. 40 వేస్తే 1681. అంటే 41 × 41. పదిసార్లు నిజమైనంత మాత్రాన ఎప్పటికీ నిజమైపోదని, రుజువు కావాలని ఆ వయసులోనే తెలియాలి.

ఒలింపియాడ్_నాన్న_కర్నూలు:
లెక్కల ఒలింపియాడ్ మొదటి మెట్టు పరీక్ష ఐఓక్యూఎం రాయించండి, అన్నీ అవే వస్తాయి. 30 ప్రశ్నలు, 3 గంటలు, 100 మార్కులు. జవాబులన్నీ 00 నుంచి 99 లోపు అంకెలే, ఓఎంఆర్‌లో దిద్దడమే. మావాడు ఒక్క ప్రూఫ్ కూడా రాయకుండా గట్టెక్కాడు.

ధర్మవరం_అక్క:
ఆ తర్వాత పైమెట్టు పరీక్ష ఆర్‌ఎంఓలో ఏమైంది?

ఒలింపియాడ్_నాన్న_కర్నూలు:
అది వేరే సంగతి.

ధర్మవరం_అక్క:
వేరే సంగతి ఎట్లా అవుతుంది అన్నా? అక్కడ 3 గంటల్లో 6 లెక్కలు, ప్రతిదానికీ మెట్టు మెట్టుగా రుజువు రాయాలి. జవాబు ఒక్కటే రాస్తే ఎవరూ మెచ్చుకోరు. బెంగళూరు ఐఎస్ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) బీమ్యాథ్ అనే లెక్కల డిగ్రీ ఎంట్రన్స్‌కి కూడా వివరంగా రాసే పేపర్ ఒకటి ఉంటుంది. మాకు రైలెక్కితే అదే దగ్గర. మా పాప గురి దాని మీదే.

ఒలింపియాడ్_నాన్న_కర్నూలు:
మీ పాప సీటు తెచ్చుకున్నాక చెప్పండి. పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని ప్రయోగాలు చేసేవాళ్లు మాకు పాఠాలు చెప్తున్నారు!

సీక్యాంప్_నాన్న:
ఇక్కడున్నవాళ్లంతా ఇంట్లో పెట్టుకున్నవాళ్లే గదన్నా. మీరెందుకొచ్చినట్టు?

ఏడురోడ్లు_77:
మా అత్తగారు వచ్చినప్పుడల్లా "బడి మాన్పించినారంట?" అని వీధిలో అందరి ముందూ అడుగుతుంది. దీనికి సిలబస్ ఎవరైనా చెప్పండి ముందు.

ధర్మవరం_అక్క:
దిద్దడం గురించి కడప అక్క అడిగింది, ఎవరూ పట్టించుకోలేదు. నాకు పదో తరగతి దాటి లెక్కలు రావు. అయినా దిద్దుతున్నా. వంటింటి తలుపు వెనక నల్లరంగు కొట్టించాం. నేను కూర తరుగుతుంటే పాప సుద్దముక్కతో లెక్క మొత్తం నోటితో చెప్తూ రాయాలి. ఎక్కడ "అంతే కదమ్మా" అంటుందో అక్కడ ఆపుతా. "అంతే ఎట్లా అయింది?" అంటా. సగం తప్పులు ఆ "అంతే కదా" దగ్గరే దొరుకుతాయి. మిగతావి ఆదివారం తెలిసిన ఎమ్మెస్సీ అమ్మాయి చూస్తుంది, గంటకు డబ్బులిస్తాం. రోజూ పుస్తకం తీసేది రెండు గంటలే.

నంద్యాల_చెక్‌పోస్ట్:
రెండు గంటలా? కార్పొరేట్ కాలేజీల్లో పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా చదువుతున్నారు.

ధర్మవరం_అక్క:
చదువుతున్నారో, కూర్చుంటున్నారో వెళ్లి చూడండి.

లెక్చరర్_అనంతపురం:
నల్లరంగు తలుపు బాగుంది. అయితే తెలుగు అకాడమీ ఇంటర్ ఫస్టియర్ లెక్కల పాత 1ఎ, 1బి పుస్తకాలు పారేయొద్దు. ఇప్పుడు 2025-26 నుంచి ఇంటర్ ఫస్టియర్‌లో రెండూ కలిపి ఒకటే పేపర్ చేశారు కాబట్టి పాతవి ఫుట్‌పాత్ మీద కిలోల లెక్కన దొరుకుతాయి. అనుగమనం అందులో ఉంది. సరళరేఖలు, సరళరేఖాయుగ్మాలు (జంట గీతలు) చేయించండి. చేతికి పని తగులుతుంది.

కడప_తల్లి:
సార్, ఆమెకు తెలుగు పదాలు రావు, ఇంగ్లిష్ మీడియం. "సరళరేఖాయుగ్మం" అంటే పారిపోతుంది. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ కొన్నవాళ్లు ఎవరూ లేరా?

సీక్యాంప్_నాన్న:
మేం రెండు కొన్నాం. మనవాళ్ల పుస్తకాల్లా సూత్రం ఇచ్చి యాభై లెక్కలు చేయమనదు. ముందు లెక్క ఇచ్చి, తన్నుకున్నాక సూత్రం ఇస్తుంది. మావాడికి మొదట ఏడుపొచ్చింది, తర్వాత వదల్లేదు. విదేశం నుంచి తెప్పించాలి కాబట్టి చేతి చమురు బాగానే వదులుతుంది. వాళ్ల సైట్‌లో అర్హత చూసుకునే పరీక్ష ఊరికే ఉంటుంది, ముందు అది పెట్టి పాప ఏ పుస్తకానికి తగునో చూడండి. బోర్డు కోసం ఎన్‌సీఈఆర్‌టీ పక్కన ఉంచుకోండి, అది ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఉచితమే.

ఏడురోడ్లు_77:
చదివేసిన పుస్తకాలు అమ్ముతారా సార్? కడపకి పంపితే బస్సు పార్సిల్ ఖర్చు నాదే.

బైపీసీ_బాధితుడు:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మావాడు ఓపెన్‌లో బైపీసీ తీసుకుని ఇప్పుడు లెక్కలు కూడా కావాలంటున్నాడు. తర్వాత లెక్కల సబ్జెక్టు కలుపుకోవచ్చా, ఎవరికైనా తెలుసా?